కుటుంబమంతా కలిసి వెళ్ళవలసిన ప్రయాణం: ఉంచుకోవడమా, వాయిదా వేయడమా?

దూరతీరం (ప్రశ్న), 22 డిసెంబరు 2021

నమస్కారం. మా నాన్నగారిని చూడటానికి వచ్చే నెలాఖరున కుటుంబమంతా వేరే దేశానికి వెళ్ళేందుకు చాలా ముందుగానే టికెట్లు తీసుకున్నాము. నాన్నగారికి ఎనభై ఏళ్ళు దాటాయి. మధుమేహం చాలాకాలంగా ఉంది. మూత్రపిండాలు దెబ్బతినడంతో వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్నారు. ఆయన మా అన్నయ్య, వదినల దగ్గర ఉంటారు. కరోనా మహమ్మారి మొదలయ్యాక నేను ఆయనను నేరుగా చూడలేదు. మా చిన్నపాపనైతే ఆయన ఫోనులో తప్ప చూడనే లేదు. అదే వారంలో మా చెల్లెలి కుటుంబం కూడా మరో దేశం నుంచి రావాలని, అందరం ఒకే ఇంట్లో కొన్నాళ్ళు కలిసి ఉండాలని అనుకున్నాము.

టికెట్లు తీసుకున్నప్పటికి పెద్దవాళ్ళందరికీ రెండు డోసుల టీకా పూర్తయింది, కేసులు తగ్గుతున్నాయి, సరిహద్దులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా వైరస్ కొత్త రకమైన ఒమిక్రాన్‌ను ఆందోళన కలిగించే రకాల్లో చేర్చిన తరువాత ఆ లెక్కలన్నీ తారుమారయ్యాయి. మేము విమానం మారవలసిన దేశపు నిబంధనలు ఈ నెలలోనే మారాయి. వెళ్ళవలసిన చోట ప్రయాణానికి ముందు చేయించుకునే పరీక్ష గడువును కుదించారు. మా పాపకు ఇంకా ఐదేళ్ళు నిండలేదు కనుక మేమున్న చోట ఆమెకు టీకా ఇవ్వడం లేదు.

మావారు వెళ్ళడానికే మొగ్గుతున్నారు. నాన్నగారి ఆరోగ్యం వచ్చే ఏడాదికి ఎలా ఉంటుందో చెప్పలేమన్నది ఆయన మాట, దాన్ని నేను కాదనలేను. చెల్లెలు అన్నీ రద్దు చేసుకుందామంటోంది. అన్నయ్యను అడిగితే ‘మీ ఇష్టం, మీకెలా తోస్తే అలా చేయండి’ అని ఊరుకుంటున్నాడు. రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుందో రాదో తెలియదు. రుసుము లేకుండా తేదీ మార్చుకోవచ్చని మాత్రం విమాన సంస్థ అంటోంది. ఇటువంటప్పుడు దేన్ని ఆధారం చేసుకుని నిర్ణయించాలి, ఎప్పటిలోగా నిర్ణయించాలి? విషయం తెలిసినవారు, ఇలాంటి పరిస్థితిని దాటివచ్చినవారు దయచేసి చెప్పండి.

పయనం

చాలా ఏళ్ళుగా విమాన టికెట్ల ఏర్పాట్లు చూసే ఉద్యోగంలో ఉన్నాను కనుక ఆ కోణంలోనే చెబుతాను. ఆరోగ్యం సంగతి వైద్యులు చెప్పాలి.

ముందుగా ఒక మనవి: కంగారుపడి ఈ రోజే మీ అంతట మీరు టికెట్లు రద్దు చేసుకోకండి. విమానాన్ని సంస్థ రద్దు చేయడానికీ, ప్రయాణాన్ని మీరు మానుకోవడానికీ డబ్బు దగ్గర చాలా తేడా ఉంది. సంస్థే విమానాన్ని రద్దు చేస్తే డబ్బు వాపసు ఇవ్వాలని చాలా దేశాల నిబంధనలు చెబుతున్నాయి. ఐరోపా సమాఖ్యలోనైతే 2004 నాటి 261వ నియమావళి ప్రకారం ఏడు రోజుల్లో ఇవ్వాలి. మీరు మానుకుంటే టికెట్టు కొన్నప్పటి షరతులే వర్తిస్తాయి, చాలాసార్లు వోచరుతో సరిపెట్టుకోవలసి వస్తుంది. ఈ రెంటికీ మధ్య మరొక పరిస్థితి ఉంది, నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దాని గురించే. విమానం నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ దేశం మీవంటి ప్రయాణికులను లోపలికి రానివ్వదు. విమానం రద్దు కాలేదు కనుక వాపసు బాధ్యత తమది కాదని సంస్థ అప్పుడు వాదించవచ్చు. అందుకే రుసుము లేని తేదీ మార్పు అవకాశం ఉన్నప్పుడే దాని షరతులను లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. బయలుదేరడానికి ఎన్ని గంటల ముందు వరకు మార్చుకోవచ్చు, ఎన్నిసార్లు మార్చుకోవచ్చు, కొత్త ప్రయాణం ఏ తేదీలోగా ముగియాలి అన్నవి అందులో ఉండాలి. రుసుము లేదంటే ఛార్జీ తేడా లేదని అర్థం కాదు. కొత్త తేదీకి టికెట్టు ధర పెరిగి ఉంటే ఆ తేడా మీరే కట్టాలి.

విమానం మారే దేశం గురించి కూడా ఆలోచించండి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మరో విమానం చూపించే బాధ్యత సంస్థదే. విడివిడి టికెట్లయితే ఆ బాధ్యత ఎవరిదీ కాదు, పైగా మధ్య దేశంలో సామాను తీసుకుని మళ్ళీ అప్పగించవలసి వస్తే ఆ దేశపు ప్రవేశ నిబంధనలన్నీ మీకు వర్తించవచ్చు. ఇప్పుడున్న స్థితిలో మధ్యలో ఆగని విమానానికి కొంత ఎక్కువ చెల్లించడం దండగ కాదని నా అభిప్రాయం.

బీమా పత్రంలోని చిన్న అక్షరాలను చదవండి. 2020 తొలి నెలల నుంచి చాలా కంపెనీలు ఈ మహమ్మారిని ముందే తెలిసిన సంఘటనగా లెక్కగడుతున్నాయి. మీకు పరీక్షలో పాజిటివ్ వస్తే చెల్లించే పాలసీలు ఉన్నాయి, కానీ వెళ్ళడానికి భయమేసి మానుకుంటే చెల్లించేవి చాలా తక్కువ. ఏ కారణంతో రద్దు చేసుకున్నా చెల్లించే పాలసీలు కొన్ని దేశాల్లో దొరుకుతాయి గానీ అవి మొత్తంలో కొంత భాగమే ఇస్తాయి, అదీ టికెట్టు కొన్న కొద్ది రోజుల్లోనే తీసుకుని ఉండాలి.

ఇక చాలామంది వదిలేసే ఖర్చు ఒకటి ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు మీలో ఒక్కరికి పాజిటివ్ వచ్చినా ఆ వ్యక్తి విమానం ఎక్కలేరు, చిన్నపిల్లకు వస్తే తల్లిదండ్రుల్లో ఒకరైనా ఆగిపోవాలి. ఆ అదనపు రోజులకు బస, సెలవు, కొత్త టికెట్లు, మీ రోజువారీ మందులు ఇప్పుడే లెక్కలో వేయండి. ఆ లెక్క మోయలేనిదిగా కనిపిస్తే ప్రయాణాన్ని వాయిదా వేయడానికి అదొక్కటే చాలు.

ఊపిరి

నేను శ్వాసకోశ వ్యాధుల వైద్యుణ్ణి. మీ నాన్నగారికి వైద్యం చేస్తున్నవారి మాటే చివరి మాట కావాలి. నేను చెప్పేది వారితో మాట్లాడేటప్పుడు ఉపయోగపడవచ్చు.

మీ ప్రశ్నలో ప్రయాణించేవారి గురించి ఎక్కువ ఉంది, కానీ ఈ ప్రయాణంలో అసలు ప్రమాదం ప్రయాణించని మనిషికి. డయాలిసిస్ మీద ఉన్నవారిలో రెండు డోసుల టీకా ఇచ్చే రక్షణ ఆరోగ్యవంతుల్లో ఉన్నంత బలంగా ఉండదని తెలుసు, అందుకే చాలా దేశాలు వారికి మూడో డోసు ముందుగా ఇస్తున్నాయి. నాన్నగారు అది తీసుకున్నారా, ఎప్పుడు తీసుకున్నారు అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. తీసుకోకపోయి ఉంటే, డోసు వేయించి రెండు వారాలైనా గడిచేవరకు తేదీ జరపడం మంచిది. అనిశ్చితమైన భయాలతో వాయిదా వేస్తే ఆ వాయిదాకు అంతు ఉండదు, దీనికి మాత్రం ముగింపు తేదీ ఉంది. గత నెల 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహాను కూడా గమనించండి: టీకా పూర్తికాని, తీవ్రవ్యాధి ముప్పు ఎక్కువగా ఉన్నవారు, అంటే అరవై ఏళ్ళు పైబడినవారూ ఇతర జబ్బులున్నవారూ, వ్యాప్తి ఉన్న ప్రాంతాలకు ప్రయాణం వాయిదా వేసుకోవాలని అది చెప్పింది. అది ప్రయాణికుల కోసం చెప్పిన మాట. ప్రయాణికులను ఇంట్లోకి ఆహ్వానించే పెద్దవారికి అదే తర్కం మరింత గట్టిగా వర్తిస్తుందని నేను అనుకుంటాను.

నెగటివ్ ఫలితాన్ని అనుమతి పత్రంగా చూడవద్దు. వైరస్ ఒంట్లో చేరిన మొదటి రోజుల్లో ఆర్టీపీసీఆర్ పరీక్ష కూడా దాన్ని పట్టుకోలేకపోవచ్చు. ఇంతకు ముందరి రకాల్లో లక్షణాలు బయటపడటానికి సగటున ఐదు రోజులు, కొందరిలో పద్నాలుగు రోజుల వరకు పట్టేది. ఒమిక్రాన్‌తో ఆ వ్యవధి తగ్గుతున్నట్లు తొలి నివేదికలు సూచిస్తున్నాయి. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి ఇతరులకు అంటించగలడు. బయలుదేరేముందు పరీక్ష చేయించుకుని విమానాశ్రయంలో వైరస్ సోకించుకున్న వ్యక్తి, చేతిలో నెగటివ్ కాగితంతో, ఏ బాధా లేకుండా, నేరుగా తండ్రి గదిలోకి వెళ్తాడు.

విమానం గురించి అతిగా భయపడనవసరం లేదు. ఎగురుతున్న విమానంలో గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది, లోపల తిరిగే గాలిని వడకట్టే హెపా ఫిల్టర్లు 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతాయి. అయినా 2020 మార్చి మొదట్లో లండన్ నుంచి హనోయికి వెళ్ళిన సుదీర్ఘ విమానంలో ఒక్క ప్రయాణికురాలి నుంచి దాదాపు 15 మందికి సోకి ఉండవచ్చని పరిశోధకులు తేల్చారు, వారిలో ఎక్కువమంది ఆమె కూర్చున్న విభాగంలోనివారే. అప్పటికి మాస్కు తప్పనిసరి కాదు. ఫిల్టరు పక్క సీటు నుంచి నేరుగా వచ్చే శ్వాసను ఆపదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వరుసలో నిలబడినవారినీ కాపాడదు. మంచి ఎన్95 మాస్కు, భోజన సమయంలో పక్కవారు ముగించేవరకు ఆగడం, రద్దీ లేని మూలలో వేచి ఉండటం ఆ పని చేస్తాయి.

విమానం కన్నా మీరు వర్ణించిన ఇల్లే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. రెండు దేశాల నుంచి రెండు కుటుంబాలు, మాస్కు నిలుపుకోలేని పసిపిల్ల, ఒకే వంటగది, ఒకే భోజనాల బల్ల, వాటి మధ్యలో డయాలిసిస్ మీద ఉన్న పెద్దాయన. పిల్లలకు సోకినా చాలావరకు తేలికగానే పోతుంది, కానీ తాతగారు మొట్టమొదట ఒళ్ళోకి తీసుకునేది ఆ పాపనే కదా. వెళ్ళాలనే నిర్ణయిస్తే రెండు కుటుంబాలూ వేర్వేరు వారాల్లో వెళ్ళండి. చేరిన తరువాత కనీసం ఐదు నుంచి ఏడు రోజులు వేరే బసలో ఉండండి. ఆ రోజుల్లో ఒకటికి రెండుసార్లు ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష చేసుకుని, కలవబోయే రోజు ఉదయం మరోసారి చేసుకోండి. ఈ పరీక్ష ఆర్టీపీసీఆర్ అంత సున్నితమైనది కాకపోయినా, వైరస్ ఎక్కువగా వెదజల్లే రోజుల్లో చాలావరకు పట్టుకుంటుంది. కలిసేటప్పుడు కిటికీలన్నీ తెరిచి ఉంచండి, వీలైతే ఆరుబయట కూర్చోండి. మీ సెలవులో ఒక వారం వేరే బసలోనే పోతుందనిపిస్తుంది, నిజమే; ఆ వారాన్ని ఇవ్వలేని ప్రయాణమైతే ఇప్పుడు పెట్టుకోవద్దనే నా సలహా.

మలిసంధ్య

వైద్యులవారి జాగ్రత్తలన్నిటినీ ఒప్పుకుంటూనే రెండో వైపు నుంచి కొంచెం చెప్పాలనుంది.

జీవితం రద్దు కావడం కన్నా ఒక కార్యక్రమం రద్దు కావడం మేలని, ఇప్పుడు వేడుక చేసుకుని తరువాత దుఃఖించడం కన్నా ఇప్పుడు మానుకుని తరువాత చేసుకోవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ మొన్న 20న అన్నారు. విందులకు, సంబరాలకు ఆ మాట పూర్తిగా వర్తిస్తుంది. ‘తరువాత’ అన్నది అందరి చేతిలోనూ సమానంగా ఉండదని మాత్రం మనం గుర్తుంచుకోవాలి. ఎనభై దాటి డయాలిసిస్ మీద ఉన్న మనిషికి బిడ్డను చూడకుండా గడిచే సంవత్సరం కూడా ఒక నష్టమే, అది ఏ ఆసుపత్రి లెక్కల్లోనూ కనిపించదు. మా అమ్మ చివరి సంవత్సరంలో, కేసులు తగ్గిన మధ్యకాలంలో, నేను ఒక్కడినే వెళ్ళాను. మొదటి వారం పైన చెప్పినట్లే వేరుగా ఉండి, తరువాత రోజూ మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచిన గదిలో ఆమెతో కూర్చున్నాను. ఆమె మాట్లాడాలనుకున్నవన్నీ మాట్లాడింది. ఆ రోజుల కోసం నేను పడిన శ్రమను మళ్ళీ పడమన్నా పడతాను.

ఇక్కడ మీరు ‘కుటుంబమంతా వెళ్ళడమా, ఎవరూ వెళ్ళకపోవడమా’ అన్న రెండు దారులనే చూస్తున్నారనిపిస్తోంది. ఒక్కరు వెళ్ళడం మూడో దారి. ఒక్కరైతే వేరే బస దొరకడం, మాస్కు నిలుపుకోవడం, ఒకవేళ చిక్కుకుపోతే ఆగిపోవడం అన్నీ సులువవుతాయి. పాపను తాతగారి ఒళ్ళో చూడాలన్న కోరిక ఎంత బలమైనదో నాకు అర్థమవుతుంది, కానీ ఆయన ఎదురుచూసేది మొదట మీ కోసమే అయి ఉండవచ్చు.

మరొక సంగతి. నవంబరు 30 నాటి ఆ ప్రకటనలోనే, మూకుమ్మడి ప్రయాణ నిషేధాలు వ్యాప్తిని అడ్డుకోలేవని కూడా ఉంది. కనుక ఏ దేశం సరిహద్దు మూసింది, ఏది తెరిచింది అన్నదాన్ని మీ నాన్నగారికున్న ప్రమాదానికి కొలతగా తీసుకోకండి. ప్రభుత్వాల లెక్కలు వేరు, ఒక ఇంటి లెక్క వేరు.

గడప

మీ అన్నయ్య ‘మీ ఇష్టం’ అన్నారని రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మా మామగారు కూడా డయాలిసిస్ మీద ఉన్నారు, ఆయనను చూసుకునేది నేనూ మావారూ. దూరాన ఉన్న ఆడపడుచు వస్తానన్నప్పుడు ‘రావద్దు’ అనడానికి మాకు నోరు రాదు. తండ్రిని చూడటానికి బిడ్డ వస్తానంటే అడ్డుపడ్డామన్న మాట జీవితాంతం మిగిలిపోతుంది. అందుకని మేమూ ‘మీ ఇష్టం’ అంటాము. ఆ మాటను అంగీకారంగా తీసుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

వచ్చేవారికి కనబడనిదేమిటో చెబుతాను. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు సాగే డయాలిసిస్‌ను, పాజిటివ్ వచ్చింది కదా అని రెండు వారాలు ఆపలేరు. ఒకటి రెండు విడతలు తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పాజిటివ్ వచ్చిన రోగిని మిగతావారితో కలిపి కూర్చోబెట్టరు, వేరే సమయానికో వేరే గదికో మారుస్తారు. కొన్ని కేంద్రాల్లో ఆ సౌకర్యమే ఉండదు. అదే సమయంలో ఆయనను తీసుకువెళ్ళే కొడుక్కీ, వండిపెట్టే కోడలికీ కూడా సోకి ఉంటే ఆ పనులన్నీ ఎవరు చేయాలి? వచ్చినవారు కూడా జ్వరంతో వేరే గదిలో ఉంటారు, వారికీ భోజనం అందించవలసింది ఆ కోడలే.

కనుక అన్నయ్యను ‘మేము రావచ్చా’ అని అడగకండి. డయాలిసిస్ కేంద్రంలో పాజిటివ్ వచ్చినవారికి ఏర్పాటు ఏమిటి, అన్నయ్యా వదినా ఇద్దరూ మంచమెక్కితే నాన్నగారిని ఎవరు తీసుకువెళ్తారు, దగ్గరలోని ఆసుపత్రిలో పడకల పరిస్థితి ఎలా ఉంది అని అడగండి. ఈ ప్రశ్నలకు స్పష్టమైన జవాబులు లేకపోతే జవాబు దొరికేవరకు ఆగండి. వదినగారితో విడిగా మాట్లాడండి, వద్దంటే మీరు నొచ్చుకోరని ముందే చెప్పి మాట్లాడండి. నాన్నగారిని కూడా అడగండి. ఆయన క్షేమం కోసం ఆయనకు చెప్పకుండానే నిర్ణయాలు తీసేసుకోవడం మనకు అలవాటైపోయింది, కానీ ఆ ప్రాణం ఆయనది, దాన్ని దేనికోసం ఎంత ప్రమాదంలో పెట్టాలో చెప్పే హక్కు కూడా ఆయనదే.

దూరతీరం, 27 డిసెంబరు 2021

అందరికీ కృతజ్ఞతలు. గడప గారు చెప్పినట్లే వదినతో విడిగా మాట్లాడాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత తన భయాలన్నీ చెప్పింది. నాన్నగారు వెళ్ళే కేంద్రంలో పాజిటివ్ రోగులకు ఏర్పాటు లేదు. ఊరికి అవతలి వైపున్న మరో కేంద్రంలో రాత్రిపూట చేస్తారట, అక్కడ ఖాళీ ఉంటేనే. ఆయనకు మూడో డోసు ఇంకా వేయలేదని కూడా అప్పుడే తెలిసింది. వచ్చే వారానికి సమయం తీసుకున్నారు.

నాన్నగారిని అడిగితే, అందరూ ఒక్కసారి వచ్చి వెళ్ళిపోవడం కన్నా ఒక్కొక్కరుగా వచ్చి నిదానంగా ఉండటమే తనకు ఇష్టమని చెప్పారు. ఈ మాట ఇన్నాళ్ళూ మేమెవరమూ అడగలేదు. చెల్లెలు తన ప్రయాణాన్ని వేసవికి జరుపుకుంటోంది. నేనొక్కదాన్నే ఫిబ్రవరి చివర వెళ్ళాలని, మొదటి వారం వేరే బసలో ఉండాలని అనుకుంటున్నాము. మావారు, పాప తరువాత ఎప్పుడు వెళ్ళాలన్నది పరిస్థితిని బట్టి చూస్తాము. బయలుదేరడానికి రెండు వారాల ముందు అన్నయ్యతో మళ్ళీ మాట్లాడుతాను. రెండో కేంద్రంలో చోటు ఉండదని తెలిసినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోయినా, వదిన వద్దన్నా ఇంకెవరితోనూ చర్చించకుండా ఆగిపోవాలని ముందే అనుకున్నాము.

పయనం గారికి ఒక ప్రశ్న. మా ముగ్గురి టికెట్లు ఒకే బుకింగులో ఉన్నాయి. నా ఒక్కదాని తేదీని మార్చడం కుదురుతుందా?

పయనం

కుదురుతుంది. ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నవారిని రెండు పీఎన్ఆర్‌లుగా విడదీయమని అడగండి, అది సంస్థలు మామూలుగా చేసే పనే. తేదీ మార్పు కన్నా ముందు విభజన జరగాలి, లేకపోతే మార్పు ముగ్గురికీ పడే అవకాశం ఉంది. పాప తప్పనిసరిగా మీవారి పీఎన్ఆర్‌లోనే ఉండాలి. విభజన తరువాత మూడు టికెట్లకూ రుసుము లేని మార్పు షరతు అలాగే కొనసాగుతుందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీవారి, పాప టికెట్లకు కొత్త తేదీ ఇప్పుడే చెప్పలేకపోతే, పాత తేదీ రాకముందే వాటిని తేదీ లేకుండా నిలిపి ఉంచమనండి. చెప్పకుండా విమానానికి వెళ్ళకపోతే టికెట్టు విలువ మొత్తం పోవచ్చు. ఏజెంటు ద్వారా కొని ఉంటే ఇవన్నీ ఏజెంటే చేయాలి, సంస్థ నేరుగా చేయకపోవచ్చు.

ఊపిరి

ఒక చిన్న చేర్పు. ఈలోగా మీకే గనక సోకి తగ్గిపోతే, కోలుకున్న తరువాత కూడా కొన్ని వారాలపాటు ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ వస్తూ ఉండవచ్చు. అటువంటప్పుడు కొన్ని దేశాలు పాత పాజిటివ్ ఫలితాన్నీ, కోలుకున్నట్లు వైద్యుడు ఇచ్చిన పత్రాన్నీ అంగీకరిస్తాయి. మీరు వెళ్ళే దేశమూ, మధ్యలో ఆగే దేశమూ దీన్ని ఒప్పుకుంటాయో లేదో ఇప్పుడే చూసి ఉంచుకోండి. మూడో డోసు మీరు కూడా బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి.